అడుగుకి అంగుళం

భవానీపురం,
28 అక్టోబర్ 2024

కోడలు కృపకు,

ప్రభువు నిన్నూ ఏంజెల్‌నూ తన రెక్కల చాటున కాయాలని కోరుకుంటూ మీ మావయ్య శౌరయ్య రాస్తున్నది. ఈ ముసలాడు ఫోన్ చెయ్యొచ్చుగా అనుకుంటావేమో. ఆటోనగర్లో నలభై ఏళ్ళు లారీ బాడీలు కట్టి, రేకుల మీద సుత్తి మోతలకి అలవాటుపడ్డ చెవులివి. మొన్న పక్కింటి ఛాయాదేవి గారు గేటు దగ్గర పావుగంట పిలిచి పిలిచి, చివరికి కిటికీకి గులకరాయి విసిరిందట. ఇక నీ ఫోన్ నాకేం వినపడుతుంది చెప్పు?

సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఇంట్లోకి నడుముల్లోతు వచ్చిన సంగతి నీకు తెలుసు. బియ్యం బస్తా, మంచం మేడ మీదికి చేర్చాంగానీ నా లారీల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పదకొండు లారీలమ్మా. కంపెనీలే కేబిన్లు కట్టి పంపడం మొదలెట్టి, నా షెడ్డు మూతబడ్డాక, చేతులు ఊరుకోక చేసుకున్న చిన్న లారీలు. బూడిద టిప్పరు, చెరకు లారీ, ఐసు పెట్టెల చేపల లారీ. చెక్కవి కదా, తేలుకుంటూ వరసగా వరండాలోకి వచ్చేశాయి. కరిముల్లా, అదే, నా షెడ్డులో రంగులు వేసేవాడు, మెట్ల మీద నిలబడి "అన్నా, నీ బళ్ళన్నీ లోడుకెళ్తన్నాయి" అని అరిచాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రంగులు పోయాయి. ప్లైవుడ్డు అప్పడంలా ఉబ్బింది.

సరే పోనీ. ఇప్పుడు ఒక్కటే కట్టాలనుకుంటున్నాను. జయపాల్ లారీ. నేను కట్టిందే, నా కొడుకు నడిపిందే. వచ్చే పంతొమ్మిదికి వాడు పోయి రెండేళ్ళు. అడుగుకి అంగుళం లెక్కన కడతాను. అసలుది ముప్పై అడుగులైతే ఇది ముప్పై అంగుళాలు. టైర్లకి హవాయి చెప్పుల రబ్బరు, ఇరుసులకి గొడుగు ఊచలు, డోర్లకి నూనె డబ్బా రేకు. అన్నీ సిద్ధం. కానీ లారీ ఫోటోలు, కొలతల అట్టముక్కలు నీళ్ళపాలయ్యాయి. నువ్వు ఎన్నిసార్లు ఆ కేబిన్లో ఎక్కి తిరిగావు! అందుకే అడుగుతున్నాను. సీటు కవరు ఏ రంగు? అద్దం దగ్గర జపమాలతో పాటు ఇంకేదో వేలాడేది, ఏమిటది? వెనక పడుకునే మెత్తకి పూల గుడ్డ వేశావా, చారల గుడ్డా? ఫోన్ స్టాండు ఏ పక్క ఉండేది? ఆలోచించి రాయి.

క్రిస్మస్ సెలవులకి ఏంజెల్‌ని పంపు. అది ఈ ఇంట్లో అడుగుపెట్టి ఏడాదిన్నర అయింది. నాకు మిగిలింది అదొక్కటే.

మీ మావయ్య,
శౌరయ్య

—

అవనిగడ్డ,
6 నవంబర్ 2024

మావయ్య గారికి కృప నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. క్లినిక్కులో జ్వరాల సీజను, రెండు షిఫ్టులు నేనే చూస్తున్నాను. అందుకే ఆలస్యం.

సీటు కవరు ముదురు ఎరుపు, అంచున పసుపు కుట్టు. అద్దం దగ్గర జపమాల, దాని పక్కన ఏంజెల్ మొదటి పుట్టినరోజుకి వేసిన వెండి గజ్జె ఒకటి. రెండోది తప్పిపోయిందని ఆయన దాన్ని అక్కడ కట్టుకున్నారు. మెత్తకి వేసింది చారల గుడ్డ. నీలం, తెలుపు.

అంతకుమించి నాకు గుర్తులేదు.

క్రిస్మస్‌కి పంపడం చూద్దాం. దానికి అర్ధసంవత్సర పరీక్షలున్నాయి. మందులు మానకండి. బీపీ బిళ్ళ పొద్దున వేసుకోవాలి, గుర్తొచ్చినప్పుడు కాదు.

ఇట్లు,
కృప

—

భవానీపురం,
21 నవంబర్ 2024

కృపమ్మా,

నిన్నగాక మొన్న వాడి రెండో ఏడు. ఫాదర్ గారు పూజలో పేరు చదివారు. నాకు వినపడలేదుగానీ కరిముల్లా మోచేత్తో పొడిచి చెప్పాడు. సాయిబు గుడికొచ్చి కూర్చుంటే క్రైస్తవుడికి పేరు వినిపించాల్సి వచ్చింది, చూడు నా బతుకు!

ఈ నెల రెండున, సమాధుల పండుగ రోజు నేను పదకొండింటికి వెళ్ళాను. అప్పటికే సమాధికి సున్నం వేసి ఉంది. బంతిపూలు పరిచి ఉన్నాయి. కొవ్వొత్తి సగం కరిగింది. తోటమాలిని అడిగితే, ఒకావిడ పాపని తీసుకుని పొద్దున ఏడింటికే వచ్చి, తొమ్మిదికల్లా వెళ్ళిపోయింది అన్నాడు. అవనిగడ్డ నుంచి మొదటి బస్సుకి వచ్చి, భవానీపురం దాకా రాకుండా తిరిగి వెళ్ళావన్నమాట. రెండు గంటలు ఆగితే కలిసేవాళ్ళం కదమ్మా. ఏటా కలిసే వేసేవాళ్ళం కదా మార్త సమాధికి సున్నం. మీ అత్తయ్య ఉంటే నిన్ను చీర కొంగు పట్టుకుని ఆపేది. నాకా చొరవ లేదు.

లారీ సంగతి. ఛాసీ అయింది. పది చక్రాలూ తిరుగుతున్నాయి. తలుపులు తెరుచుకుంటాయి. సీటుకి నువ్వు చెప్పిన ఎరుపు దొరకక కరిముల్లా వాళ్ళావిడ పాత జాకెట్టు ముక్క ఇచ్చింది. ముందు కుడివైపు పిల్లర్ దగ్గర ఆగిపోయాను. అద్దానికీ తలుపుకీ మధ్య నిలబడే చెక్క అది, కేబిన్ బరువంతా దాని మీదే. పది రోజులుగా అక్కడే కూర్చున్నాను. చెయ్యి కదలడం లేదు.

నీ దగ్గర ఫైలు ఒకటి ఉండాలి. పోలీసులు ఇచ్చిన ఫోటోలు, హాస్పిటల్ వాళ్ళ పోస్టుమార్టం కాగితం అందులోనే పెట్టావు. అవి నాకు రిజిస్టర్ పోస్టులో పంపు. నేను ఒక సంగతి తేల్చుకోవాలి. చచ్చేలోపు తేల్చుకోవాలి. ఫోన్ స్టాండు గురించి నువ్వు రాయలేదు, మరచిపోయినట్టున్నావు. అది కూడా రాయి.

మావయ్య

—

అవనిగడ్డ,
9 డిసెంబర్ 2024

మావయ్య గారికి,

ఫైలు లేదు. చెదలు తినేశాయి.

మీరేం తేల్చుకోవాలో నాకు అర్థం కావడం లేదు. అర్థమైంది అనుకుంటే భయమేస్తోంది. పోయిన మనిషి పోయారు. అన్నం తినేటప్పుడు, ఇంజెక్షన్ చేసేటప్పుడు, ఆఖరికి జడ వేసుకునేటప్పుడు కూడా నాకు అదే గుర్తొస్తుంది. ఇంకా కాగితాలు, ఫోటోలు, ఏది ఏ పక్క ఉంది, ఎందుకివన్నీ? బొమ్మ లారీ పేరు చెప్పి నన్నెందుకు ఇలా కోస్తున్నారు?

ఆయన పోయాక ఏడు నెలలు మీ ఇంట్లో ఉన్నాను. ఆ ఏడు నెలల్లో మీరు నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. కంచం దగ్గర తల ఎత్తలేదు. నేను గదిలోకి వస్తే మీరు లేచి వరండాలోకి పోయేవారు. అందుకే ఇక్కడ ఉద్యోగం చూసుకుని వచ్చేశాను. మా అమ్మ కోసమని పైకి చెప్పాను.

ఏంజెల్ క్రిస్మస్‌కి రాదు. వేసవికీ చెప్పలేను.

కృప

—

భవానీపురం,
29 డిసెంబర్ 2024

కృపకు,

పండుగ బాగానే జరిగింది. అన్నం వండుకుని తిన్నాను. కేకు ముక్క ఛాయాదేవి గారింటికి పంపాను. ఏంజెల్ కోసం కొన్న గౌను బీరువాలో ఉంది. కొలత తెలియక పెద్దదే కొన్నాను.

చెదలంటావు. నువ్వు నర్సువి. ఇంట్లో కరెంటు బిల్లు కూడా పారెయ్యని దానివి. ముసలాడు కదా, ఏం చెప్పినా నమ్ముతాడు అనుకున్నావు. పిల్లని ఈ గడప తొక్కనివ్వడం నీకు ఇష్టం లేదు, అదీ సంగతి. ఎందుకో నాకు తెలియదనుకుంటున్నావా? వాడు పోయిన రోజు నుంచీ తెలుసు. ఆ లారీలో వాడి ప్రాణం ఎందుకు పోయిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇకనైనా దాపరికం ఎందుకు? పైకే అనెయ్యి. అంటే నీ మనసు కుదుటపడుతుంది, నాకూ పీడ వదులుతుంది.

పిల్లని మాత్రం నాకు దూరం చెయ్యకు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను.

శౌరయ్య

—

అవనిగడ్డ,
20 జనవరి 2025

మావయ్యా,

పైకే అనమన్నారు. అంటున్నాను. మూడు వారాలు మీ ఉత్తరం యూనిఫాం జేబులో పెట్టుకుని తిరిగాను. ఇక నా వల్ల కాదు.

అవును, నేనే ఫోన్ చేశాను. మర్నాడు క్రీస్తురాజు పండుగ, ఏంజెల్ తెల్ల గౌను వేసుకుని గుడిలో మొదటిసారి సత్‌ప్రసాదం తీసుకోవాల్సిన రోజు. ఆయన ఏలూరులో లోడు దించి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానన్నారు. రాలేదు. మూడుసార్లు చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఎత్తరని నాకు తెలుసు. తెలిసీ మూడోసారి చేశాను. ఎత్తారు. "హనుమాన్ జంక్షన్ దాటుతున్నానే, గంటలో ఉంటా" అన్నారు. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "బిడ్డ కంటే నీకు ఆ లారీయే ఎక్కువ, దానితోనే కాపురం చెయ్యి" అన్నాను. ఆయన నవ్వారు. ఏదో చెప్పబోయారు. అంతే. తర్వాత వచ్చిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

రోడ్డు మీద ఆగి ఉన్న ట్రైలరు పట్టపగలు ఎందుకు కనపడలేదని అందరూ అడిగారు. ఎందుకంటే నేను తిడుతున్నాను కాబట్టి. ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి, పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి కూడా చెప్పలేదు. ఆ ఫోన్ పోలీసులు మీకే ఇచ్చారు, మీరు చూశారు. అందుకే నాతో మాట్లాడటం మానేశారు. ఇప్పుడు స్టాండు ఏ పక్క ఉందని రెండుసార్లు అడిగారు. కుడి పక్క మావయ్యా, స్టీరింగు పక్కన, మీరు రేకు వంచి చేసిచ్చిన క్లిప్పే. చాలా?

మీ కొడుకుని చంపిన దాని దగ్గర మీ మనవరాలు పెరుగుతోంది. మీరు తీసుకుపోతానంటే అడ్డం చెప్పే మొహం నాకు లేదు. అందుకే పంపాలంటే భయం.

కృప

—

భవానీపురం,
27 జనవరి 2025

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మంచం దిగలేదు. ఏం పని చేశానే నేను! ఎంత మొద్దు మనిషిని!

ఫోన్ సంగతి నాకు తెలుసు. హనుమాన్ జంక్షన్ స్టేషన్లో ఎస్సై ఆ ఫోన్ చేతిలో పెట్టి, ఆఖరి కాల్ ఎవరిదో చూపించాడు. నీ పేరే. బయటికొచ్చి, కరిముల్లా స్కూటర్ మీద వస్తూ బ్యారేజీ దగ్గర ఆపించి, ఆ ఫోన్‌ని కృష్ణలో వేసేశాను. నువ్వు చూడకూడదని. ఎవరూ నిన్ను ఒక మాట అనకూడదని. నా మొహం చూస్తే నీకు తెలిసిపోతుందేమోనని కంచంలోకి చూస్తూ తినేవాడిని. నువ్వు గదిలోకొస్తే వరండాలోకి పోయింది అందుకే. కోపం అనుకున్నావా? పెళ్ళాం మొగుడికి ఫోన్ చేసి తిట్టకపోతే ఇంకెవరు తిడతారే? మార్త నన్ను తిట్టిన తిట్లకి నేను రోజుకోసారి చావాలి.

స్టాండు లారీ కోసమే అడిగాను తల్లీ. సత్యంగా. ఒక్క మేకు తేడా వచ్చినా నిద్ర పట్టని వెధవ బుద్ధి నాది. ఆ బుద్ధే ఇంత పని చేసింది.

ఇక నా సంగతి విను. నువ్వు పిల్లని పంపనంటే, నాది తెలిసిపోయింది అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాను. కేబిన్ పిల్లర్ నాలుగంగుళాలు ఉండాలి. నా గురువు పుల్లయ్య గారు దాన్ని అరంగుళం తగ్గించినా చెయ్యి మీద కొట్టేవాడు. బండి కట్టే రోజుల్లో జయపాల్ వచ్చి "నాన్నా, నేను తోలే పాత బండికి మలుపుల్లో పిల్లర్ అడ్డమొచ్చి సైకిలోళ్ళు కనపట్టం లేదు, దీనికి కాస్త సన్నం చెయ్యవా" అన్నాడు. ఎవర్నీ గుద్దకూడదని వాడి తాపత్రయం. కుడి పక్కదాన్ని రెండున్నరకి చెక్కాను. నిజం చెబుతున్నాను, వాడి కోసమే కాదు. అంత వెడల్పు అద్దం ఆటోనగర్లో ఇంకే బండికీ లేదు. పదిమందీ వచ్చి చూస్తుంటే ఛాతీ ఉబ్బించుకుని నిలబడ్డాను. వాడు ఆఖరి క్షణంలో స్టీరింగు ఎడమకి కోశాడు. ట్రైలరు మూల సరిగ్గా ఆ పిల్లర్‌కే తగిలింది. విరిగి లోపలికి వచ్చింది. నాలుగంగుళాలది అయితే ఆగేదేమో. నా చేత్తో చెక్కాను కృపా.

ఆ కాగితం అడిగింది అందుకే. వాడు దేనివల్ల పోయాడో రాసి ఉంటుంది కదా. అడుగుకి అంగుళం లెక్కన రెండు పిల్లర్లు చేసి బల్ల మీద పెట్టుకున్నాను. రెంటికీ తేడా అంగుళంలో ఎనిమిదో వంతు. ఏది పెట్టాలో తెలియక ఇన్నాళ్ళూ కూర్చున్నాను.

ఇప్పుడు చెప్పు, పిల్లని ఎవరి దగ్గర ఉంచాలి?

మావయ్య

—

అవనిగడ్డ,
16 ఫిబ్రవరి 2025

మావయ్యా,

ఫైలుకి చెదలు పట్టలేదు. నా ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఉంది.

పోస్టుమార్టం కాగితం నేను ఆ వారమే చదివాను. నర్సుని కదా, చదవడం వచ్చు. అదే నా ఖర్మ. ఛాతీకి కుడివైపు చెక్క దిగింది అని ఉంది. పిల్లర్ చెక్కే. మీకు చూపిస్తే మీరు బతకరని దాచాను. మీరు "డాక్టర్లు ఏం రాశారమ్మా" అని అడుగుతారేమోనని మీ ఎదుటపడటానికి భయపడేదాన్ని. సమాధుల పండుగకి పొద్దున్నే వచ్చి పోయింది అందుకే. ఒకసారి అడిగితే నా నోరు ఆగదు.

మిమ్మల్ని ఓదార్చడానికి అబద్ధం చెప్పను. మా డాక్టర్ గారికి పేరు చెప్పకుండా ఆ కాగితం చూపించాను. చెక్క గట్టిదైతే బతికేవాడా అంటే, చెప్పలేం అన్నారు. బండి అంత వేగంలో ఉంటే ఏదైనా జరగొచ్చు అన్నారు. ఫోన్ రాకపోయి ఉంటే ట్రైలరు కనపడేదా? అదీ ఎవరూ చెప్పలేరు. మీది మీ దగ్గరే ఉంటుంది, నాది నా దగ్గరే ఉంటుంది. కానీ రెండేళ్ళుగా మీరు నన్ను కాస్తున్నారు, నేను మిమ్మల్ని కాస్తున్నాను, ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు శత్రువుల్లా చూసుకుని ఏడ్చాం. ఆ రెండేళ్ళు ఎవరిస్తారు మావయ్యా మనకి? ఆయన ఉంటే మన ఇద్దర్నీ కూర్చోబెట్టి చీవాట్లు పెట్టేవారు.

సన్నది పెట్టండి. ఆయన నడిపింది అదే.

సెలవులివ్వగానే ఏంజెల్‌ని పంపుతాను. ఇంటినిండా మేకులు, రంపపు పళ్ళు ఉంటాయి, చెప్పులు లేకుండా తిరగనివ్వకండి. గౌను పెద్దదైతే నేను కుడతాను.

మీ కోడలు,
కృప

—

భవానీపురం,
4 మే 2025

కృపమ్మా,

ఈ ఉత్తరం కరిముల్లా చేతికిచ్చి బస్సెక్కిస్తున్నాను. పోస్టులో వేస్తే మూడు రోజులు. ఛాయాదేవి గారి చేత ఫోన్ చేయించవచ్చుగానీ ఈ సంగతి పరాయి నోట నీ చెవిన పడకూడదు. కంగారుపడకు, పిల్ల బాగానే ఉంది. మామిడికాయలు తిని పొక్కులొచ్చాయి, అంతే.

లారీ నిన్న పూర్తయింది. కరిముల్లా వెంట్రుకలాంటి కుంచెతో వెనక తలుపు మీద 'ఏంజెల్' అని రాశాడు. ఈ పొద్దున దాన్ని బల్ల మీద పెట్టి చూపించాను. చాలాసేపు తలుపులు తెరిచి మూసి చూసింది. తర్వాత "తాతయ్యా, ఈ కర్ర ఇటు పక్కదే సన్నగా ఉందేం?" అంది. మా వంశమే అంత, ఆ కళ్ళు! అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. నేనే చెక్కానని, అది విరిగే వాళ్ళ నాన్న పోయాడని, తప్పు నాదని చెప్పేశాను. పన్నెండేళ్ళ పిల్లకి చెప్పొచ్చో లేదో నాకు తెలియదు.

ఏడుస్తుందనుకున్నాను. నా చెవి దగ్గరికి జరిగి, నాకు వినపడేట్టు గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "నీది కాదు తాతయ్యా. నాది. నాన్న రాకపోతే గౌను తొడుక్కోనని నేనే ఏడ్చా. అమ్మ ఫోన్ చెయ్యనంది, బండి మీదుంటాడంది. నేను నేల మీద పడి దొర్లితే అప్పుడు చేసింది."

రెండున్నరేళ్ళమ్మా. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. మనిద్దరం మన తప్పులు దాచుకోవడంలో పడి దాని మొహం ఒక్కసారీ చూడలేదు. సత్‌ప్రసాదం ఇప్పటికీ తీసుకోనంటోందని, సెలవులకి పంపుతూ నువ్వు చీటీ రాస్తే, తండ్రి గుర్తొస్తాడు కాబోలు అనుకున్నాం కదా.

నేను దగ్గరికి తీసుకుని, కాదు నాన్నా, నీ తప్పు కాదు అన్నాను. వంద సార్లు అన్నాను. "మరి అమ్మ ఆ సంగతి నాతో ఎప్పుడూ మాట్లాడదేం?" అంది. నా మాట దానికి చాలదు కృపా. అది వినాల్సింది నీ నోటి నుంచి. సెలవు ఇవ్వకపోతే ఉద్యోగం పోనీ. కరిముల్లాతోనే బయలుదేరి రా.

ఇప్పుడు గదిలో చెక్కపొట్టు ఊడుస్తోంది. రెండుసార్లు వచ్చి ఏం రాస్తున్నావని అడిగింది. అమ్మని రమ్మంటున్నానని చెప్పాను. చీపురు పట్టుకుని అక్కడే నిలబడి, "వచ్చి తిడుతుందా?" అంది.

రా తల్లీ.

మావయ్య